గ్లాసు తెమ్మన్న వీరన్న మాస్టర్

పదిహేను రోజుల కిందట, పొద్దున ఏడు గంటల వేళ, నేను వంటింట్లో కందిపప్పు కడుగుతుండగా ఖాదర్ భాయ్ ఫోన్ చేశాడు. పలకరింపుకే ఐదు నిమిషాలు తీసుకునే మనిషి ఆ రోజు ఒక్క మాటే అన్నాడు. "సార్, మన వీరన్న పోయిండు." నేను గిన్నె పక్కన పెట్టాను గానీ కుళాయి కట్టేయడం మరిచిపోయాను. న్యాల్‌కల్ బడిలో ఏళ్ల తరబడి తెలుగు బోధించినవాణ్ని. ఎందరి సంతాపసభల్లోనో 'దివంగతులైన మహనీయుల' గురించి అనర్గళంగా ఉపన్యసించినవాణ్ని. ఆ క్షణాన మాత్రం 'ఆఁ, ఆఁ' అని ఫోన్ పెట్టేశాను. గుండె నొప్పితో నాలుగు రోజులుగా ఆయన దవాఖానలో ఉన్నారని తెలుసు. రేపో ఎల్లుండో ఇంటికి పంపిస్తామని డాక్టర్లు అన్నారు. మేం నమ్మి, ఆయన వచ్చాక ఏం వండిపెట్టాలా అని ముందురోజే మాట్లాడుకున్నాం. వీధి గుమ్మంలో ముగ్గు వేస్తున్న నా శ్రీమతి పద్మ లోపలికి వచ్చి నా ముఖం చూసింది. ఏమీ అడగకుండానే కుళాయి కట్టేసి, అక్కడే పీట మీద కూలబడింది.

ఈ ఊళ్లో వీరన్న మాస్టర్‌ను ఎరగని ఇల్లాలు అరుదు. ఎరగని పాఠకుల కోసం చెప్పాలి. ఆయన మా జహీరాబాద్ ట్రాక్టర్ల కార్ఖానా క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్లు పెద్ద వంటమాస్టర్‌గా పనిచేశారు. రిటైరయ్యాక ఇంటి వరండాలో ఒక చాప, దాని మీద ఒక పెద్ద తరాజు, బంగారం తూచే చిన్న తరాజు ఇంకొకటి, వరుసగా ఇనప బాట్లు, అంటే తూకపు రాళ్లు, పెట్టుకుని కూర్చునేవారు. అమ్మేదేమీ లేదు, కొనేదేమీ లేదు. గ్రాముల్లో ఉన్నదాన్ని గ్లాసుల్లోకీ, గ్లాసుల్లో ఉన్నదాన్ని గ్రాముల్లోకీ మార్చి చెప్పడమే ఆయన వ్యాసంగం. కిలోల లోకానికీ గ్లాసుల లోకానికీ నడుమ ఆయన ఒక దుబాసీ. దీనికి ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. పుచ్చుకున్నదల్లా ఒక కప్పు చాయ్, అందులోనూ చక్కెర ఎన్ని గ్రాములు పడిందో చెప్పకుండా తాగేవారు కాదు.

ఇది ఒక విద్యా అని నవ్వేవారున్నారు. నేనూ ఒకప్పుడు నవ్వినవాణ్నే. కానీ మన ఇళ్లలో వంట ఎలా సాగుతుందో ఆలోచించండి. మన అమ్మలు గ్లాసుతో కొలిచారు, గుప్పిటతో కొలిచారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో చూసే వంటల్లో అంతా గ్రాములే. రెండు వందల యాభై గ్రాముల మైదా అంటుంది ఫోన్. ఇంట్లో ఉన్నది ఒక స్టీలు గ్లాసు. ఆ మధ్య మా వీధి చివరి ఇల్లాలు ఒకామె కొడుకు పుట్టినరోజుకు ఇంట్లోనే కేకు చేద్దామని పూనుకుని, కిలో నీళ్లు ఐదు గ్లాసులు గనుక పిండికీ అదే లెక్క అనుకుంది. పావుకిలో మైదా అని గ్లాసుంబావు పిండే పోసింది. తీరా అది కేకూ కాలేదు, హల్వా కూడా కాలేదు. గరిటెతో తీసి కళ్లనీళ్లతో మాస్టర్ వరండాకు తెచ్చింది.

మాస్టర్ దాన్ని వాసన చూసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, "రుచైతే మంచిగనే ఉన్నది బిడ్డా. మరి గ్లాసేది?" అన్నారు.

"ఏ గ్లాసు మాస్టర్?"

"మీ ఇంటి గ్లాసు. నా గ్లాసుతోని నీకేం పని? పో, తీస్కరా."

ఇది ఆయన మొదటి సూత్రం. ఎవరు ఏమడిగినా ముందు వారింటి గ్లాసు తెమ్మనేవారు. ఏ రెండిళ్ల గ్లాసులూ ఒక్కటి కావని ఆయన వాదం. ఆమె గ్లాసు తెచ్చాక అందులో చెంచాతో మెల్లగా మైదా పోశారు. "పిండిని గ్లాసుతోని ముంచొద్దు. తట్టొద్దు, ఒత్తొద్దు. గాలి లెక్క పొయ్యాలె" అంటూ పోసి, తరాజులో జోకారు. నూటపది గ్రాములు. అదే గ్లాసు బియ్యంతో నింపితే నూటడెబ్భై. మురమురాలతో నింపితే ఇరవై. ఆమె నోరు తెరిచి చూస్తుండగా, కూతురు రేణుక వదిలేసి వెళ్లిన ఎర్రటి గోళ్లరంగు సీసా తీసి, గ్లాసు లోపలి అంచున వంద గ్రాముల పిండికి ఒక గీత, వంద గ్రాముల బియ్యానికి దాని కింద ఇంకొక గీత, చక్కెరకు ఇంకొకటి గీసి ఆరబెట్టి ఇచ్చారు. వారం తిరక్కుండా ఆమె కేకు తెచ్చి పెట్టింది. అప్పటినుంచి మా వాడలో ఎర్రగీతల గ్లాసు లేని వంటిల్లు లేదంటే అతిశయోక్తి కాదు. చుట్టాలొచ్చి ఆ గ్లాసులో నీళ్లిస్తే, నామాలు పెట్టుకున్నట్టుంది ఇదేమిటని అడుగుతారు.

ఆయనకు గిట్టని పదం ప్రపంచంలో ఒక్కటే: అందాజ. "అందాజ" అని ఎవరైనా నోరు జారితే పూనకం వచ్చినట్టు లేచేవారు. "అందాజ అన్నోని పక్కన ఎన్నడు పెద్ద గంజు పెట్టొద్దు" అనేది ఆయన మాట. విచిత్రమేమిటంటే, జీవితమంతా అందాజతోనే వండిన ఖాదర్ భాయే ఆయనకు ప్రాణస్నేహితుడు. క్యాంటీన్‌లో పక్కపక్క పొయ్యిల దగ్గర ముప్ఫై ఏళ్లు నిలబడి వండారు, ముప్ఫై ఏళ్లూ పోట్లాడుకున్నారు. ఖాదర్ భాయ్ చేతి బగారా అన్నం తింటే మాట పడిపోతుంది. ఉప్పెంత వేశావంటే "అల్లా ఎంత చెప్తె గంత" అంటాడు.

ఆ ఇద్దరి కథ ఒకటి ఖాదర్ భాయే చెప్పగా విన్నాను. క్యాంటీన్‌లో బియ్యం కొలవడానికి ఖాళీ నూనెడబ్బా ఒకటి వాడేవారు. దానికి ఒక పక్క పెద్ద సొట్ట. ఒకరోజు మాస్టర్ సెలవులో ఉన్నారు. ఖాదర్ భాయ్ బియ్యం ఆ సొట్టడబ్బాతో కొలిచి, నీళ్లు మాత్రం అప్పుడే వచ్చిన కొత్తడబ్బాతో పోశాడు. డబ్బా డబ్బానే కదా అనుకున్నాడు. సొట్ట మింగిన బియ్యమెంతో డబ్బాడబ్బాకూ అంత నీళ్లు ఎక్కువయ్యాయి. మధ్యాహ్నం షిఫ్టు దిగి కార్మికులు వరుసల్లో నిలబడే వేళకు పొయ్యి మీది గంజుల్లో బగారా బదులు సంకటి ఉంది. ఎవరో కబురు చేస్తే మాస్టర్ సెలవు మానుకుని సైకిల్ మీద వచ్చారు. గంజులోకి తొంగి చూశారు. రెండు గంపల పెసరపప్పు వేయించి అందులో కలిపించి, పైన నేతిపోపు వేయించి, గుమ్మంలో నిలబడి "ఈ దినం కిచిడీ, పచ్చిపులుసు" అని కేకేశారు. కార్మికులు రెండోసారి అడిగి మరీ వడ్డించుకున్నారట. అందరూ తిని వెళ్లాక మాస్టర్ రెండు డబ్బాలూ పక్కపక్కన పెట్టి, నీళ్లు పోసి, ఖాదర్ భాయ్‌కి తేడా చూపించారు. మేనేజర్‌కు మాత్రం కిచిడీ తన ఆలోచనేనని చెప్పారు.

ఇన్ని చెప్పాను గనుక ఆయన పరమసాత్వికుడని అనుకోవద్దు. ముక్కుమీద కోపం. పెళ్లిళ్లకు పిలిస్తే ఆయనతో వేగడం బ్రహ్మతరం కాదు. విస్తరి ముందు కూర్చుని పాయసం నాలుక మీద వేసుకుని, "సేమియాకు చక్కెర పావుకిలో ఎక్కువైంది" అని పెళ్లికూతురి తండ్రికి వినపడేట్టు ప్రకటించేవారు. అది నిజమే అయ్యుండేది, అదే అసలు బాధ. ఒకసారి మొగుడంపల్లిలో వియ్యాలవారి ఇంట వంటవాడితో పందెం కట్టి, సగం భోజనంలో లేచి గంజు దగ్గరికి పోయి, తూకం తేలిస్తే గాని మళ్లీ కూర్చోలేదు. రేణుక తలకొట్టుకుంది.

ఇక నా సంగతి చెప్పాలి. నిజానికి ఈ వ్యాసం రాయడానికి నాకున్న అర్హత ఇదొక్కటే.

రెండేళ్ల కిందట పద్మకు కాళ్లు వాచాయి. మొదట చెప్పుల మీద నెపం పెట్టింది, తర్వాత ఎండల మీద. చివరికి పెళ్లినాటి వెండి పట్టీలు మడమలకు కోసుకుపోతుంటే నేనే కూర్చుని కత్తెరతో తీయవలసి వచ్చింది. దవాఖానలో పరీక్షలన్నీ చేసి, డాక్టరమ్మ మూత్రపిండాలు బలహీనపడ్డాయని, రక్తపోటు విపరీతంగా ఉందని చెప్పింది. మందులు రాసింది. పొయ్యి దగ్గర నిలబడి వండొద్దంది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "పప్పులో, కూరలో, మజ్జిగలో అన్నీ కలిపి రోజుకు నాలుగు గ్రాముల ఉప్పు. దాటితే మందులు కూడా ఏం చెయ్యలేవు" అని కరాఖండిగా చెప్పింది.

ఆటోలో ఇంటికొస్తుండగా పద్మ అడిగింది. "నాలుగు గ్రాములంటె ఎంతుంటది?"

"కొద్దిగా ఉంటుంది" అన్నాను గంభీరంగా.

"కొద్దిగ అంటె ఎంత?"

పద్యపాదంలో గురులఘువులు వేలి కణుపుల మీద లెక్కించగలను. నాలుగు గ్రాముల ఉప్పు అరచేతిలో పోస్తే గుర్తుపట్టలేను. "ఇన్నేండ్లు పిల్లలకు ఏం చదువు చెప్పిన్రో ఏమో" అని పద్మ రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ల వైపు చూస్తూ కూర్చుంది. ఆమె నవ్వడానికి ప్రయత్నిస్తోందని నాకు తెలుసు. భయపడుతోందని కూడా తెలుసు. నేను ఆమెకంటే ఎక్కువ భయపడ్డాను.

ఆ సాయంత్రమే మాస్టర్ వరండాకు వెళ్లాను. ఆయన విన్నారు. "మీ ఇంటి చెంచా తెచ్చిన్రా సారూ?" అన్నారు. వెనక్కి పరుగెత్తి తెచ్చాను. తూకం మిషన్ ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది కదా అని నా సందేహం వెలిబుచ్చాను. ఆయన నవ్వారు. "మిషన్ చిన్న తూకానికి నిద్రపోతది సారూ. అదీగాక మీరు నాలుగు దినాలు జోకుతరు, ఐదో దినం యాష్టకొచ్చి అందాజకు దిగుతరు. చెంచా అయితె చేతికి అలవాటైతది." బంగారం తరాజు తీసి, తమ ఇంటి ఉప్పు నాలుగు గ్రాములు జోకి, నా చెంచాలో పోశారు. చాకు వీపుతో గీరితే చెంచా అంచుకు సరిగ్గా సమమైంది. "ఒక్క చెంచా, గీరుడు చెంచా. పొద్దున్నే చిన్న గిన్నెల పోసి పెట్టుండ్రి. మూడుపూటలు అండ్లకెళ్లే వాడాలె. గిన్నె ఖాళీ అయితె గంతే, ఆ రోజుకు ఉప్పు బందు." నాకు ప్రాణం లేచొచ్చింది. జీవితంలో మొట్టమొదటిసారి పొయ్యి వెలిగించాను.

మూడు వారాలు తు.చ. తప్పకుండా పాటించాను. పద్మ వాపు తగ్గకపోగా ముఖానికి పాకింది. మళ్లీ దవాఖానకు వెళితే డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఉప్పు ఎక్కువవుతోంది" అంది. ససేమిరా కాదన్నాను. సరిగ్గా నాలుగు గ్రాములేనని, తూచి వేస్తున్నానని వాదించాను. "అయితే ఇంకెక్కడో తింటున్నారు" అంది ఆవిడ, పద్మ వైపు చూస్తూ.

ఆ తర్వాత నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఇంటికి రాగానే పచ్చడి జాడీలన్నీ దింపించాను. ఏది ఎంత తరిగిందో చూశాను. "నిజం చెప్పు, దొంగతనంగా తింటున్నవా లేదా?" అని నలభై ఏళ్లు కాపురం చేసిన ఇల్లాలిని బడిపిల్లను నిలదీసినట్టు నిలదీశాను. ఆమె ఒట్టేసింది. నేను నమ్మలేదు. "నేను సస్తె నీకేం నష్టమని దొంగతనంగ తింట?" అని ఒక్క మాట అని, ఆ పూట అన్నం ముట్టుకోలేదు. నేను విసురుగా మాస్టర్ ఇంటికి నడిచాను. మీ లెక్క సరైనదే, మా ఇంట్లోనే దొంగ ఉందని చెప్పడానికి.

ఆయన నా మాట పూర్తిగా వినకుండానే లేచారు. బంగారం తరాజు చంకన పెట్టుకుని నా వెంట వచ్చారు. సరాసరి వంటింట్లోకి నడిచి, నా చెంచా తీసుకుని, మా ఉప్పుడబ్బా మూత తెరిచారు. వేలితో కొంచెం తీసి రాసి చూశారు. చెంచాడు గీరి తరాజులో పోశారు. ఐదున్నర గ్రాములు.

"మీది మెత్తటి ఉప్పు" అన్నారు నెమ్మదిగా. "నా ఇంట్ల ఉన్నది దొడ్డుప్పు. దొడ్డుప్పు గల్లల నడుమ సందులుంటయి సారూ, చెంచాల తక్కువ పడ్తది. మెత్తటిది కిక్కిరిసి కూసుంటది. నేను మీ చెంచా అడిగిన, మీ ఉప్పు అడగలే." నా వైపు కాకుండా గుమ్మంలో నిలబడ్డ పద్మ వైపు తిరిగారు. "చెల్లె, తప్పు నాది. సారూ, చెల్లెను ఏమనకుండ్రి. ఆమె ఒక్క పలుకు ఎక్కువ తినలే."

పద్మ ఏడ్చింది. మూడు వారాల్లో మొదటిసారి. నేను క్షమాపణ చెప్పుకున్నాను, మాస్టర్ ఎదుటే చెప్పుకున్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, "మీకు గాదు, అన్నకు చాయ్ పెడ్త" అని లేచింది. ఆ శిక్ష నాకు న్యాయంగానే తోచింది.

అక్కడితో ఆగితే ఆయన వీరన్న మాస్టర్ కాదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే తరాజుతో సహా మా ఇంటికి హాజరు. నా చెంచాకు మెత్తటి ఉప్పు కొలత కొత్తగా గీశారు. అది చాలదన్నట్టు, "చెల్లె వాపు దిగేదాంక నేను గూడ ఇదే తింట" అని భీష్మించి, రోజుకొక పూట మా ఇంట ఆ చప్పిడి పప్పే తిన్నారు. డెబ్భై దాటిన మనిషి, జీవితమంతా నాలుకతో బతికిన మనిషి. మొదటిరోజు నా పప్పు నోట్లో పెట్టుకుని, "సారూ, ఇది పప్పు కాదు, పప్పు కడిగిన నీళ్లు" అన్నారు. ఆ తర్వాత నాకు వంట నేర్పడం మొదలుపెట్టారు. "జహీరాబాద్‌ల ఉండి ఉప్పు కోసం ఫికరెందుకు? మన అల్లమున్నది" అంటూ లేత అల్లం సన్నగా తురిమి పప్పు దించేముందు వేయమన్నారు. వేయించిన జీలకర్ర, నాలుగు చుక్కల నిమ్మరసం, పచ్చిమిర్చి కాల్చి నలిపింది. ఉప్పు లేని లోటు నాలుక మరిచిపోయే ఉపాయాలన్నీ ఒక్కొక్కటే నేర్పారు. చెయ్యి రెండుసార్లు కాల్చుకున్నాను. పప్పు మూడుసార్లు మాడ్చాను. నా ప్రతి పరాజయానికీ పద్మ పీట మీద కూర్చుని కడుపుబ్బ నవ్వేది.

రెండు నెలలకు వాపు దిగింది. డాక్టరమ్మ కాగితాలు చూసి తల ఊపి, "ఇట్లాగే కానివ్వండి" అంది. ఒకరోజు నేనూ మాస్టరూ భోజనానికి కూర్చుంటే లోపలి గదిలోంచి ఘల్లుమని చప్పుడు. పద్మ పట్టీలు అతికించుకుని పెట్టుకుంది. మాస్టర్ ముద్ద చేతిలో పట్టుకుని వింటూ ఉండిపోయారు. ఆయన ముఖంలో ఆ రోజు చూసిన ఆనందం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. "ఇగ రేపటికెళ్లి నేను రాను సారూ, మీ పప్పుకో దండం" అని లేచి, ఇంటికి పోయి, ఆవకాయ కలుపుకుని తిన్నారని తర్వాత రేణుక చెప్పింది.

కానీ ఆ తప్పు ఆయనను వదలలేదు. ఆ మరుసటి వారమే గోళ్లరంగు సీసాతో, తరాజుతో బయల్దేరారు. తాను గీతలు గీసిన ప్రతి ఇంటి తలుపూ తట్టారు. "నేను గీసిన గీత తప్పు కావచ్చు. మీది ఏ ఉప్పు? ఏ రవ్వ, దొడ్డుదా సన్నదా? పిండి గిర్నిదా పాకెట్‌దా?" అని అడిగి, ఆయా ఇంటి సరుకుతోనే మళ్లీ జోకి, పాత గీతలు గీకేసి కొత్తవి గీశారు. ఎండలో, గల్లీ గల్లీ. నేనూ కొన్నాళ్లు బాట్ల సంచి మోస్తూ వెంట తిరిగాను. ఒక ఇల్లాలు నవ్వి, "చిటికెడు ఉప్పుకు గింత తండ్లాట ఎందుకు మాస్టర్? ఏమైతది?" అంది.

"నీ ఇంట్ల ఏం కాదు బిడ్డా" అన్నారు ఆయన, గ్లాసు లోపల గీకుతూనే. "కని ఎవరింట్ల ఏమైతదో నాకేం ఎరుక? నేను గ్లాసే చూసిన, తినేటోళ్లను చూడలే."

నేను ఎన్నో గ్రంథాలు చదివాను. వినయమంటే ఏమిటో, ధర్మమంటే ఏమిటో వ్యాఖ్యానాలు రాయించాను. తన దోషాన్ని తానే చాటుకుంటూ తలుపు తలుపునా నిలబడిన పండితుణ్ని ఒక్కణ్ని కూడా ఎరగను. ఖాదర్ భాయ్ ఈ మాటే తన పద్ధతిలో అన్నాడు. "ముప్ఫై ఏండ్లు నాకు గల్తీలు తీసిండు సార్. తను ఒక్క గల్తీ చేసిండు, ఊరంత తిరిగి చెప్పుకున్నడు. నేనైతె సప్పుడు జెయ్యకుంట కూసుందును."

మొన్న పదకొండో రోజు కార్యానికి వెళ్లాం. బీదర్‌లో కాపురముంటున్న రేణుక, కళ్లు ఉబ్బిపోయి ఉన్నా, పొయ్యిల దగ్గర ఒక కాగితం పట్టుకుని నిలబడింది. దవాఖాన మంచం మీద పడుకుని మాస్టర్ ఆ కాగితం స్వయంగా చెప్పి రాయించారట. "అట్లాంటి మాటలెందుకు నాయినా" అని ఆమె ఏడిస్తే, "రేపెవడో అందాజ వేసి నా దినాల బువ్వ పాడుచేస్తడు, రాయి" అని కసిరారట. బియ్యం ఇన్ని కిలోలు, మన గంజుకు ఇన్ని డబ్బాలు. పప్పు, చింతపండు, నూనె అన్నీ తూకంలోనూ, కొలతలోనూ పక్కపక్కనే. ఖాదర్ భాయ్ తరాజు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం చదివించుకుంటూ, జీలకర్రతో సహా జోకి ఇస్తున్నాడు. ఎవరో వంటాయన చేత్తో ఉప్పు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఈ ఒక్క దినం వద్దు భాయ్. వాడు సూస్తుంటడు" అన్నాడు. అని, ముఖం అటు తిప్పుకున్నాడు.

మేం భోజనాలకు కూర్చున్నాం. పద్మ విస్తరి వేయించుకోలేదు. బయటి వంట ఆమె తినకూడదు, ఇంటికి వెళ్లి తింటానని పక్కన నిలబడింది. అప్పుడు రేణుక లోపలినుంచి మూతపెట్టిన చిన్న గిన్నె తెచ్చింది. "అత్తా, నువ్వు గూడ కూసో" అంది. పద్మ తల అడ్డంగా ఊపబోతే, రేణుక కాగితం ఆమె చేతిలో పెట్టింది. కిందివైపు, ఆఖరి వరుస. పద్మకు అద్దాలు లేక నన్ను చదవమంది. నేను చదివాను.

"పద్మ చెల్లెకు పప్పు ఉప్పెయ్యక ముందె తీసి వేరె పెట్టాలె. గ్లాసుంబావు. అల్లం జర ఎక్కువ."

మరణశయ్య మీద పడుకుని, తన దినాల భోజనంలో ఎవరు ఏం తినకూడదో గుర్తుపెట్టుకున్న మనిషి గురించి నేనింకేం రాయగలను? నా భాష నాకు అంతవరకే అక్కరకొచ్చింది. పద్మ విస్తరి ముందు కూర్చుంది. ఒక్క మెతుకు వదలకుండా తింది. తింటున్నంతసేపూ ఏడ్చింది. తిన్నాక చెయ్యి కడుక్కుని, "మంచిగున్నది. అన్న వండినట్టే ఉన్నది" అని రేణుకను కౌగిలించుకుంది.

ఇలాంటి మనిషి మా ఊరికి మళ్లీ దొరకడు. మాకు అసలే దొరకడు. ఆయన స్మారకంగా ఏదైనా నిర్మించాలని కొందరు మిత్రులు సంతాపసభలో ప్రతిపాదించారు. వారి సద్భావనకు ధన్యవాదాలు. కానీ స్మారకం ఇదివరకే ఉంది, చూడదలచినవారు మా ఇంటికి రావచ్చు. అది ప్రస్తుతం కాళ్లకు పట్టీలతో వంటింటి గుమ్మంలో నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, పప్పు పొయ్యి మీద పెట్టి కాగితాలు ఖరాబు చేస్తున్నానని నన్ను తిడుతోంది. చెవులారా వింటున్నాను మాస్టర్. ఇంకా చాలా ఏళ్లు వినాలని ఉంది. మీకు నా నమస్కారం.